డిగ్రీ ఇంటికొచ్చింది సరే, దిద్దిన పేపర్ ఎందుకు రాదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

జూలై, ఆగస్టుల్లో ఒకసారి, మళ్లీ జనవరి, ఫిబ్రవరిల్లో ఇంకోసారి మీ జిల్లా పేజీల్లో దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీల ప్రకటనలు వరసపెట్టి వస్తుంటాయి. యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందంటారు, న్యాక్ (కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఏ ప్లస్ ప్లస్ అంటారు, ఇంట్లో కూర్చునే ఎంబీఏ, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు అంటారు. ల్యాప్‌టాప్ ముందు ఒకమ్మాయి నవ్వుతూ ఉంటుంది, పక్కన కాఫీ కప్పు. ప్రకటనలు వేసుకోవద్దని నేననను, పేపర్ నడవాలి కదా. కానీ అదే పేపర్లో విద్య పేజీ అని ఒకటుంది. అందులో కోర్సుల జాబితా, ఆఖరు తేదీ, ఫీజు ఎంత, అప్లై చేయడం ఎలా అని వేస్తారు తప్ప, ఆ కోర్సులో చేరినవాడికి నిజంగా చదువు చెబుతున్నారా లేదా అన్న సంగతి ఒక్క లైను కూడా ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు గుర్తింపు సంగతి తేల్చేద్దాం. గుర్తింపు అక్కర్లేదని నేను చెప్పడం లేదు. 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చేశాయి, కోర్టు అవి చెల్లవంది. 2001 నుంచి 2005 దాకా చేరినవాళ్లకు మళ్లీ పరీక్ష రాసుకునే అవకాశమైనా దొరికింది, ఆ తర్వాత చేరినవాళ్ల పట్టాలు పోయినట్టే. ఆ డిగ్రీ చూపించి ప్రమోషన్ తెచ్చుకున్నవాళ్ల టెన్షన్ ఊహించుకోండి. కాబట్టి చేరేముందు యూజీసీ దూరవిద్య బ్యూరో సైట్‌లోకి వెళ్లి యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, ఏ సంవత్సరానికి అనుమతి ఉంది, ఈ మూడూ చూసుకోవాల్సిందే. యూనివర్సిటీకి గుర్తింపు ఉన్నంత మాత్రాన అది పెట్టిన ప్రతి కోర్సుకీ ఉన్నట్టు కాదు.

అయితే గుర్తింపు చెప్పేది ఆ పట్టా చెల్లుతుందనే. చదువు బాగుందని అది చెప్పదు. 2022 సెప్టెంబర్లో యూజీసీ ఇంకో అడుగు ముందుకేసి, గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ రెండూ రెగ్యులర్ డిగ్రీతో సమానమే అని ప్రకటించింది. మంచిదే. డిపార్ట్‌మెంటల్ ప్రమోషన్లలో, ఉద్యోగాల నోటిఫికేషన్లలో అంతకుముందు చాలామంది ఇబ్బంది పడ్డారు. కానీ కాగితం మీద సమానమన్నాక, లోపల సమానంగా ఉందో లేదో చూడాల్సిన బాధ్యత ఇంకా పెరగాలి కదా? ఎవరు చూస్తున్నారు?

నేను ఎకనామిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నంతకాలం మా కాలేజీలోనే ఉన్న ఒక దూరవిద్య స్టడీ సెంటర్లో ఆదివారాలు కౌన్సిలర్‌గా (దూరవిద్యలో పాఠాలు చెప్పేవాళ్లని అలా అంటారు) క్లాసులు చెప్పాను, అసైన్‌మెంట్లు దిద్దాను. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ రాయను, ఎందుకంటే వేరే సెంటర్లలో చేసిన మిత్రులు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే, ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. మా దగ్గరికి ఎవరొచ్చేవారు? బస్సు డిపోలో మెకానిక్, అంగన్‌వాడీ టీచర్, పెళ్లయి ఇంటర్‌తో చదువాగిపోయిన అమ్మాయి, హోంగార్డు, కిరాణా కొట్టు కుర్రాడు, డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్ చేస్తామని మేనేజర్ చెప్పిన సూపర్ మార్కెట్ ఉద్యోగి. రెగ్యులర్ క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయే పిల్లల కన్నా వీళ్లు వందరెట్లు నయం. ఆదివారం పూట బస్సెక్కి వచ్చేవాళ్లు ఊరికే రారు.

వీళ్లకు చదువు చెప్పడంలో అసలు పని ఎక్కడ జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనడం ఎంత మారుతుందన్న దాని మీద ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. ఒక ఆశా కార్యకర్త పుస్తకంలో నిర్వచనం పొల్లు పోకుండా ఎక్కించింది, అందరూ చేసేదే. చివర్లో మాత్రం సొంతంగా నాలుగు లైన్లు రాసింది. ఉల్లిగడ్డ లేకుండా కూర వండలేం కాబట్టి దానికి అవ్యాకోచ డిమాండ్ అని పుస్తకంలో ఉంది, కానీ కిలో ఇరవై ఉన్నప్పుడు మేం కిలో కొనేవాళ్లం, ఎనభై అయ్యాక పావుకిలోతో సరిపెట్టుకున్నాం, అయితే మా ఇంటి డిమాండ్ ఏ రకం సార్, అని. ఎనభై పెట్టి పావుకిలో అంటే ఇరవై రూపాయలు, అంతకుముందు కిలోకి పెట్టిందీ ఇరవై రూపాయలే. ధర మారినా ఖర్చు మారలేదు. పుస్తకంలో దీన్ని యూనిట్ వ్యాకోచత్వం అంటారు, గ్రాఫ్ గీసి చూపిస్తారు, రెగ్యులర్ పిల్లల్లో సగం మందికి ఆ గ్రాఫ్ అర్థం కాదు. ఈవిడ తన వంటింటి లెక్కలోంచి అక్కడిదాకా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఇంకొక్క మాట ఎవరన్నా చెబితే లోపలికి వచ్చేస్తుంది.

ఆ మాట పేపర్ మార్జిన్లో రాశాను. కానీ ఆ పేపర్ ఆవిడకి చేరదు! మా సెంటర్లో పద్ధతి ఏంటంటే, అసైన్‌మెంట్లు తీసుకుంటారు, మార్కుల లిస్టు యూనివర్సిటీకి పంపిస్తారు, పేపర్లు కట్టలు కట్టి స్టోర్ రూమ్‌లో పడేస్తారు. విద్యార్థికి తెలిసేది ఇంటర్నల్స్‌లో ఇన్ని వచ్చాయి అని ఒక అంకె మాత్రమే. తర్వాతి ఆదివారం ఆవిడ క్లాసుకొచ్చింది కాబట్టి నోటితో చెప్పగలిగాను, రానివాళ్ల సంగతి అంతే. అసలు ఎవరూ వెనక్కి చూసుకోని పేపర్‌ని జాగ్రత్తగా దిద్దే కౌన్సిలర్ ఎంతమంది ఉంటారు చెప్పండి. పేపర్‌కి ఇచ్చే డబ్బు టీ సమోసాకి సరిపోతే గొప్ప, అది కూడా ఏడాది తర్వాత పడుతుంది. అందుకే పేజీకో టిక్కు, చివర్లో ఒక మార్కు, కట్ట అయిపోతుంది.

విద్యార్థులు మాత్రం తెలివితక్కువవాళ్లా? ఎవరూ చదవరని తెలిశాక ఎవరు రాస్తారు? కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో అసైన్‌మెంట్ సెట్ దొరికేది, చేతిరాతతో కావాలంటే ఇంకో రేటు. ఒక ఏడాది ఏ గైడ్‌లోనో అచ్చుతప్పు పడి 'దారిద్ర్య రేఖ' కాస్తా 'దారిద్ర్య లేఖ' అయింది, కట్టలో సగానికి సగం పేపర్లలో అదే లేఖ కనిపించింది. ఇంటర్నల్ మార్కులు మాత్రం ఆ ఏడాది కూడా అందరికీ బాగానే పడ్డాయి, బయట నుంచి తనిఖీకి వచ్చినవాళ్లకు ఫైల్లో అంతా సక్రమంగానే కనిపిస్తుంది. అసైన్‌మెంట్లు ఇచ్చారా, ఇచ్చారు. దిద్దారా, దిద్దారు. మార్కుల రిజిస్టర్ ఉందా, ఉంది.

ఇది ఎక్కడైనా ఇంతే అనుకోవద్దు. బ్రిటన్‌లో 1969లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీలో అసైన్‌మెంట్ దిద్దడమంటేనే పాఠం చెప్పడం. ట్యూటర్ దిద్దిన వాటిలోంచి కొన్ని తీసి ఇంకొకరు చూస్తారు, మార్కులు సరిగ్గా వేశాడా అనే కాదు, విద్యార్థికి పనికొచ్చేలా వివరణ రాశాడా లేదా అని కూడా. అంటే అక్కడ దిద్దినవాణ్ని కూడా దిద్దుతారు. మన దేశంలో ఢిల్లీ యూనివర్సిటీ 1962లోనే పోస్టు ద్వారా పాఠాలు మొదలుపెట్టింది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ 1972లో. ఇక 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. దాని మొదటి వీసీ జి. రామ్‌రెడ్డి గారే 1985లో ఇగ్నోకి (ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ) కూడా మొదటి వీసీ అయ్యారు. దేశానికి దారి చూపించింది మనవాళ్లే అని గర్వంగా చెప్పుకోవచ్చు. స్టడీ సెంటర్లు, రేడియో పాఠాలు, పెద్ద చదువు లేనివాళ్లు అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలు, అన్నీ వచ్చాయి. దిద్దిన పేపర్ తిరిగిచ్చే అలవాటు ఒక్కటి మా సెంటర్ దాకా రాలేదు.

మెచ్చుకోవాల్సింది కూడా చెప్పాలి. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ తెలుగు మీడియం పుస్తకాలు ఎంత పనికొచ్చాయో గ్రూప్స్ రాసిన ఎవరినైనా అడగండి. ఆ యూనివర్సిటీలో ఎప్పుడూ చేరనివాళ్లు కూడా హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి రూముల్లో తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన ఇవి పెట్టుకుని చదివారు. తెలుగులో ఒక సబ్జెక్టుని సొంతంగా చదువుకుని అర్థం చేసుకునేలా రాయడం మామూలు పని కాదు. ఇక్కడా ఒక పితలాటకం ఉంది. దూరవిద్యలో పుస్తకమే టీచర్, అది పాతబడితే టీచర్ పాతబడినట్టే. మా సెంటర్‌కి వచ్చిన ఒక పుస్తకంలో ప్రణాళికా సంఘం ఇంకా బతికే ఉంది, జీఎస్టీ ఇంకా పుట్టలేదు. ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ 2015లో, జీఎస్టీ 2017లో వచ్చాయి, క్లాసులో నోటితో చెప్పి దిద్దాం, ఇంట్లో చదివేవాళ్లకు ఎవరు చెబుతారు? కవర్ మీద మాత్రం కొత్త ముద్రణ అని ఉంటుంది. కాబట్టి పుస్తకం చివరిసారి ఎప్పుడు అచ్చయింది అని కాకుండా ఎప్పుడు తిరగరాశారు అని అడగాలి.

ఇప్పుడు ఆన్‌లైన్ దగ్గరికి వద్దాం. ఆన్‌లైన్ కోర్సుకి నాలుగు భాగాలుండాలని యూజీసీ నిబంధన. వీడియో పాఠం, చదువుకునే మెటీరియల్, చర్చా వేదిక, స్వయంగా చేసుకునే పరీక్షలు. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం కూడా ఇదే లెక్క మీద నడుస్తుంది. నాలుగూ ఉంటే పెట్టెలో నాలుగు టిక్కులు. మా అన్నయ్య కొడుకు ఒక ఆన్‌లైన్ పీజీలో చేరాడు, వాడి లాగిన్‌లో నేను కూర్చుని చూశాను. వీడియోలు ఉన్నాయి, బాగానే ఉన్నాయి, కొన్నిటిలో మాత్రం సార్ స్లైడ్ మీద ఉన్నదే చదువుతున్నాడు. వాడు ఒకటిన్నర స్పీడులో పెట్టి భోంచేస్తూ వింటాడు, అయిపోగానే వంద శాతం పూర్తి అని పచ్చ గీత వస్తుంది. క్విజ్‌లో పది ప్రశ్నలు, ఎన్నిసార్లయినా రాయొచ్చు, అవే పది ప్రశ్నలు, మూడోసారికి పదికి పది. ఇక చర్చా వేదిక తెరిచి చూస్తే గుడ్ మార్నింగ్ సర్, ఎగ్జామ్ డేట్ ఎప్పుడు సర్, హాల్ టికెట్ డౌన్‌లోడ్ కావట్లేదు సర్. వీటి మధ్యలో ఎవరో ఒకమ్మాయి స్టాటిస్టిక్స్‌లో ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) లెక్క కట్టేటప్పుడు ఒకచోట ఎన్‌తో, అంటే మొత్తం అంకెల సంఖ్యతో, ఇంకోచోట ఎన్ మైనస్ వన్‌తో ఎందుకు భాగిస్తున్నారు అని అడిగింది. బంగారం లాంటి ప్రశ్న. కింద ఏడుగురు 'సేమ్ డౌట్' అని పెట్టారు. సమాధానం లేదు, సెమిస్టర్ అయిపోయింది.

ఈ కోర్సుని కొలవమంటే ఎవరైనా ఏం కొలుస్తారు? ఎన్ని వీడియోలు, ఎన్ని గంటలు, ఎంతమంది లాగిన్ అయ్యారు, సగటున ఎన్ని నిమిషాలు చూశారు. కంప్యూటర్ ఇవన్నీ దానంతట అదే లెక్కేసి పెడుతుంది కాబట్టి రిపోర్టులో ఇవే ఉంటాయి. ఆ 'సేమ్ డౌట్' కింద ఎన్ని రోజులు ఖాళీ ఉంది అన్నది కూడా అదే కంప్యూటర్లో ఉంటుంది, దాన్ని ఎవరూ బయటికి తియ్యరు.

కరోనా ఏడాది ఇదే చూశాం. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో బడి పాఠాలు మొదలయ్యాయి, అప్పటి పరిస్థితిలో అంతకన్నా చేయగలిగింది కూడా పెద్దగా లేదు, పాఠాలు చెప్పిన టీచర్లు కష్టపడ్డారు. మా చిన్నమ్మ కొడుకు గవర్నమెంట్ టీచర్, రోజూ పిల్లల ఇళ్లకు ఫోన్లు చేసి ఎవరెవరు టీవీ చూశారో రాసి పైకి పంపేవాడు. చూశారా అంటే చూశారు సార్ అనేవాళ్లు. ఏం అర్థమైంది అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఆ ఏడాది అసర్ సర్వే (పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే సర్వే) గ్రామాల్లో బడి పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్లు 2018లో 36.5 శాతం ఉంటే 61.8 శాతానికి పెరిగాయని చెప్పింది, అందరూ ఆహా అన్నారు. రెండేళ్లకు అదే సర్వే పిల్లలతో చదివించి చూస్తే, గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్లు 2018లో ఉన్న 27.3 శాతం నుంచి 20.5కి పడిపోయారు. మొదటి అంకె ఇంటికి ఏం చేరిందో చెప్పింది, రెండోది బుర్రలోకి ఏం చేరిందో చెప్పింది. ఈ పడిపోవడానికి బడులు మూతపడటం లాంటి వేరే కారణాలూ ఉన్నాయి, అంతా టీవీ పాఠాల తప్పేనని నేననను. కానీ మనం పండగ చేసుకునేది ఎప్పుడూ మొదటి రకం అంకెలకే.

అయితే ఆన్‌లైన్ అంటేనే పనికిరాదా? ఆ వాదన నాకు నచ్చదు. మా లెక్చరర్లలో చాలామంది ఆ మాట అంటుంటారు, వాళ్ల క్లాసులు నేను విన్నాను కాబట్టి నవ్వొస్తుంది. అమెరికాలో థామస్ రస్సెల్ అనే ఆయన దూరవిద్యకీ క్లాస్‌రూమ్ చదువుకీ తేడా చూసిన 355 పరిశోధనలు 1999లో ఒకచోట పోగేస్తే, ఎక్కువ వాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. 2010లో ఆ దేశ విద్యాశాఖ చేయించిన సమీక్షలో ఆన్‌లైన్, ముఖాముఖి కలిపి చెప్పిన చోట ఫలితం కొంచెం మెరుగ్గా కనిపించింది, కానీ అక్కడ పిల్లలు చదువు మీద పెట్టిన సమయం, దొరికిన మెటీరియల్ కూడా ఎక్కువే అని, దాన్ని ఆన్‌లైన్ గొప్పతనం అనుకోవద్దని రాసినవాళ్లే హెచ్చరించారు. 1983లోనే రిచర్డ్ క్లార్క్ అనే ఆయన దీన్ని తేల్చేశాడు. సరుకులు ఏ లారీలో వచ్చాయన్న దాన్ని బట్టి మనిషికి బలం రాదు, లారీలో ఏం వచ్చిందన్న దాన్ని బట్టి వస్తుంది అన్నట్టుగా. మనం నలభై ఏళ్లుగా లారీకి రంగులు వేస్తున్నాం, పోస్టు, రేడియో, టీవీ, సీడీ, ట్యాబ్, యాప్ అని.

ఇప్పుడు గ్రేడ్ల సంగతి. మామూలు యూనివర్సిటీ దూరవిద్య కోర్సు పెట్టాలంటే న్యాక్‌లో నాలుగుకి కనీసం 3.01 స్కోరు ఉండాలి, లేదా కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉండాలి. ఈ స్కోరు ఆ యూనివర్సిటీ మొత్తానికి. అక్కడి ల్యాబులు, పీహెచ్‌డీలు, హాస్టళ్లు, ప్లేస్‌మెంట్లు, గ్రంథాలయం అన్నీ కలిపి వచ్చిన గ్రేడు. మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఇంట్లో కూర్చుని బీకాం చదివే అమ్మాయి ఆ ల్యాబుల మొహం కూడా చూడదు. ఆ గ్రేడు ప్రకటనలో మాత్రం ఆమె కోసమే పెద్దక్షరాల్లో వేస్తారు. పోనీ గ్రేడు మీదైనా పూర్తి నమ్మకం పెట్టుకుందామా అంటే, 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలో ఒక విద్యాసంస్థకి ఏ ప్లస్ ప్లస్ ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణ మీద న్యాక్ తనిఖీ బృందం వాళ్లనే సీబీఐ అరెస్టు చేసింది. మీ పేపర్లో కూడా వచ్చింది కదా. కేసు కోర్టు తేలుస్తుంది, నేను దాని మీద ఏమీ అనను.

ఉత్తీర్ణత శాతం ఇంకో మాయ. ఒక కోర్సులో వందమంది చేరారనుకోండి. పరీక్ష ఫీజు కట్టింది నలభై మంది, హాలుకి వచ్చింది ముప్పై మంది, పాసైంది ఇరవై నాలుగు. ఎనభై శాతం ఉత్తీర్ణత అని బ్రోషర్లో పడుతుంది. మిగతా డెబ్బై మంది ఏమయ్యారు? కోర్సు ఫీజు కట్టినప్పుడు లెక్కలోకి వచ్చినవాళ్లు ఫలితాల లెక్కలో లేరు. మా సెంటర్లో మొదటి ఆదివారం కుర్చీలు చాలక పక్క గదిలోంచి తెచ్చేవాళ్లం, సంక్రాంతి దాటాక ముందు రెండు వరసలు నిండితే గొప్ప.

మధ్యలో మానేసిన ప్రతివాడి లెక్కా యూనివర్సిటీ ఖాతాలో వేయడం కూడా న్యాయం కాదు, అది తెలుసు. పొలం పనులుంటాయి, ట్రాన్స్‌ఫర్ అవుతుంది, బిడ్డ పుడుతుంది, షిఫ్టు మారుతుంది. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు అని నిబంధన, నాలుగు క్రెడిట్ల పేపరంటే 120 గంటలు, సెమిస్టర్‌కి అలాంటివి ఐదున్నాయనుకుంటే ఆరు వందల గంటలు. పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్లే హోంగార్డుకి ఈ లెక్క చేరేటప్పుడే ఎవరన్నా చెబితే బాగుండేది. ఇక ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో అయితే చాలామంది చూసి పోదామని వస్తారు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో నడిపిన కోర్సుల లెక్కలు 2019లో బయటపెట్టారు. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది మూడు శాతం చిల్లర, డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో మాత్రం 46 శాతం. అంటే ఎవరు ఎందుకు చేరారో విడదీసి చూస్తే తప్ప అంకెకి అర్థం లేదు. నా పాయింటు అదే కానీ, అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. వాళ్లు ఆ మూడు శాతాన్ని దాచుకోలేదు. ఇంత పెద్ద పేరున్న సంస్థలు సిగ్గుపడకుండా చెప్పగలిగినప్పుడు మన దగ్గర చెప్పడానికేం?

ఒక మంచి పద్ధతి కూడా చెబుతాను, మన దేశంలోదే. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు ఎవరైనా ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, సెంటర్‌కి వెళ్లి, అందరి ముందు కూర్చుని పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75, రెండింట్లోనూ విడివిడిగా కనీస మార్కు దాటాలి. అసైన్‌మెంట్ కాపీ కొట్టినవాడు పరీక్షలో దొరికిపోతాడు. ఇంట్లో కెమెరా పెట్టి రాయించే పరీక్షల గురించి ఎక్కువ రాయను, కరెంటు పోతే ఏం చేయాలో, పక్కగదిలో పిల్లాడు ఏడిస్తే తల తిప్పొచ్చో లేదో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. కెమెరా ఎంత పకడ్బందీగా ఉన్నా, ప్రశ్నపత్రం గత ఐదేళ్ల క్వశ్చన్ బ్యాంకులోంచి దిగితే ఎవరిని ఆపినట్టు? నన్నడిగితే కోర్సు నాణ్యత తెలుసుకోవడానికి బ్రోషర్ కన్నా వరసగా మూడేళ్ల ప్రశ్నపత్రాలు పక్కపక్కన పెట్టి చూడటం మేలు. పది నిమిషాల పని.

విద్యార్థుల అభిప్రాయ సేకరణ చేస్తున్నాం కదా అంటారు. చేస్తారు, ఐదు నక్షత్రాల్లో ఎన్నిస్తారు అని. మా విద్యార్థులు చాలామంది ఐదూ ఇచ్చేస్తారు, ఎందుకంటే మార్కులేసేది కూడా వాళ్లే కదా సార్ అంటారు. నచ్చిందా అని అడగడం వేరు, నేర్చుకున్నావా అని చూడటం వేరు. కష్టపెట్టి నేర్పిన క్లాసుకి ఒక్కోసారి నక్షత్రాలు తక్కువే వస్తాయి.

ఎడిటర్ గారూ, ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. వచ్చే అడ్మిషన్ల సీజన్లో మీ విద్య పేజీలో కోర్సుల జాబితా వేసేటప్పుడు, ప్రతి యూనివర్సిటీకి ఒక నాలుగు ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులు ఆ కోర్సు పేరు పక్కనే వేయండి. మూడేళ్ల కింద ఈ కోర్సులో చేరినవాళ్లు ఎందరు, వాళ్లలో ఈ ఏడాదికి పట్టా అందుకున్నవాళ్లు ఎందరు. దిద్దిన అసైన్‌మెంట్ విద్యార్థి చేతికి తిరిగొస్తుందా, వస్తే ఎన్ని రోజులకు. అడిగిన డౌట్‌కి సగటున ఎన్ని రోజుల్లో జవాబిస్తున్నారు, ఆ జవాబిచ్చే మనిషి సబ్జెక్టు తెలిసినవాడా, కాల్ సెంటర్ వాడా. పుస్తకాన్ని చివరిసారి ఎప్పుడు తిరగరాశారు. ఇవి చెప్పడానికి కొత్త కమిటీలేమీ అక్కర్లేదు, అడ్మిషన్ రిజిస్టర్, పరీక్షల విభాగం కంప్యూటర్ ఉంటే చాలు. జవాబివ్వనివాళ్ల పేరు ఎదురుగా 'జవాబు రాలేదు' అని వేయండి. ప్రభుత్వ యూనివర్సిటీలైతే సమాచార హక్కు కింద మీ జిల్లా విలేకరి ఒక దరఖాస్తు పెట్టినా సరిపోతుంది. ప్రకటనలు పోతాయని మీ యాడ్స్ విభాగం వాళ్లు గొణుగుతారేమో, అది మీరూ మీరూ చూసుకోండి.

చివరగా, ఉత్తరం పొడుగైంది, మీ పేజీలో పట్టదు. కత్తిరించాల్సి వస్తే అమెరికా పరిశోధనలు, లారీ గోల తీసేయండి, నాకేం బాధ లేదు. ఆ నాలుగు ప్రశ్నలు మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్,
కరీంనగర్ జిల్లా